ఛాయ ఎవరి సొత్తు?

పోయిన వేసవిలో మా ఇంటిపక్క కడుతున్న భవనంలో ఇటుకలు మోసే ఒకావిడ నన్నొక ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నకు నేను తప్పు జవాబు చెప్పాను. తప్పు నాదే. కాని ఆ తప్పుకు మూలమైన ఆలోచన నా ఒక్కదానిది కాదు. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలో చాలామందికి అది ఉన్నది. అందుచేతనే ఈ సంగతి నలుగురి ముందూ పెట్టడం అవసరమనుకుంటున్నాను.

ప్రశ్న మొహం మీది మచ్చల గురించి. ఆకలి గురించీ, నిరుద్యోగం గురించీ రాయవలసిన కాగితం మీద మచ్చల గురించి రాయడమేమిటని పాఠకులు అడగవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అలా అనుకోవడంలోనే పొరపాటు మొదలైంది.

రెండో కాన్పు తర్వాత నాకు రెండు చెంపల మీదా, పై పెదవి మీదా మంగు వచ్చింది. తెల్లజాతులవారికి చిన్నతనంలోనే ముక్కు మీద వచ్చే సన్నని చుక్కలు వేరు. అవి చాలావరకు పుట్టుకతో సంక్రమించే లక్షణం, వేసవిలో ముదిరి చలికాలంలో వెలుస్తాయి. వయసు మళ్ళినవారికి ఎండ తగిలినచోట వచ్చే గోధుమరంగు మచ్చలు మరొకటి. మన స్త్రీలలో తరచు కనిపించేది మంగు. చర్మంలో రంగును తయారుచేసే కణాలు ఎండకూ, గర్భం వల్లనో గర్భనిరోధక మాత్రల వల్లనో మారే హార్మోనులకూ రెచ్చిపోయి, మెలనిన్ అనే వర్ణద్రవ్యాన్ని అవసరానికి మించి తయారుచేస్తాయి. ఇంట్లో తల్లికో అక్కకో ఉంటే మనకూ వచ్చే అవకాశం ఎక్కువ. నొప్పి లేదు, దురద లేదు, ప్రాణభయం లేదు. ఉన్న బాధ అంతా ఎదుటివాళ్ళ చూపుల్లో ఉన్నది.

నాకు ఆ బాధ ఉన్నది. దాన్ని దాచడం దండగ. తరగతిలో ప్రబంధ నాయికల వర్ణనలు చెబుతూ స్త్రీ దేహాన్ని సరుకుగా చూసిన ఫ్యూడల్ దృష్టిని ఎండగట్టి, ఇంటికి వచ్చి అద్దం ముందు చెంపను వెలుతురుకు తిప్పి చూసుకునేదాన్ని. ఒక సాహితీమిత్రుడితో ఈ మాటంటే, "మీలాంటివారు కూడానా! ఇది బూర్జువా సౌందర్య భ్రమ" అన్నాడు. ఆయన మొహం మీద మచ్చ లేదు. ఉన్నా మగవాణ్ణి ఎవరూ అడగరు.

సరే, డాక్టరు దగ్గరకు వెళ్ళాను. మేముండేది మణికొండ. ఒకప్పటి జాగీరు గ్రామం. 2018లో మునిసిపాలిటీ అయింది. బండలు పగలగొట్టి సాఫ్ట్‌వేరు ఉద్యోగులకు అంతస్తుల మీద అంతస్తులు కట్టిన ఊరు. కర్రీ పాయింటు పక్కన చర్మవైద్యశాల, దాని పక్కన మరొక చర్మవైద్యశాల. డాక్టరు ఒక పూతమందు రాశారు. అందులో మూడు మందుల కలయిక: రంగు తయారీని అడ్డే హైడ్రోక్వినోన్, పైపొరను తొందరగా రాల్చే ట్రెటినాయిన్, మంటను అణచే ఒక స్టెరాయిడ్. రాత్రిపూట మాత్రమే రాయాలి, ఎనిమిది వారాలు మించకూడదు. కాని చీటీలో మందు పేరుకంటే పైన మరొక వాక్యం ఉన్నది: పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలోకి వెళ్ళవద్దు, వెళ్ళక తప్పకపోతే గొడుగు, సన్‌స్క్రీను.

నేను వెళ్ళలేదు. కాలేజీలో తరగతి గది ఉన్నది, స్టాఫ్ రూము ఉన్నది, ఇంటికి రావడానికి కారు ఉన్నది. రెండు నెలల్లో మంగు సగానికి పైగా వెలిసింది. నేను మందును మెచ్చుకున్నాను. నీడను మెచ్చుకోవాలని తోచలేదు.

అప్పుడే ఆవిడ అడిగింది. పాలమూరు జిల్లానుంచి వచ్చిన మనిషి, ముప్ఫై దాటి ఉండవు. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాల. ఆమె చెంపల మీదా నా చెంపల మీదా మంగు ఒకే ఆకారంలో ఉండేది. రోజూ ఒకరినొకరం చూసుకుంటూనే ఉన్నాం. "మేడం, మీ మొఖం సాఫైంది. ఏం పెడుతున్రో గా మందు పేరు రాసియ్యరాదు?" అన్నది. ఎందుకన్నాను. "మా అత్త నాకు మంగు శని పట్టిందంటది. నా మొగుడు పడి కాలిరగ్గొట్టుకున్నడు గద, అది నా మొఖం తోనే అంటది" అన్నది.

జ్యోతిష్కులు శనిదశల్లో ఒకదానికి మంగు శని అని పేరు పెట్టారు. పేరు కలిసింది కాబట్టి మచ్చకు దోషం అంటగట్టారు. కాలు విరిగినవాడు పడింది సరైన పరంజా లేనందువల్ల. నింద మాత్రం భార్య చెంపల మీదికి వచ్చింది. ఈ స్త్రీ కోరుతున్నది అందం కాదు, నిర్దోషి అనిపించుకోవడం. దీన్ని బూర్జువా భ్రమ అనగల ధైర్యం మా సాహితీమిత్రుడికి ఉంటే ఆమె అత్త దగ్గరకు వెళ్ళి అనవచ్చు.

నా దగ్గర మిగిలిన సగం గొట్టం ఆమె చేతిలో పెట్టాను. రాత్రిపూట రాసుకోమన్నాను. ఎండలోకి వెళ్ళవద్దని చెప్పలేదు. ఎలా చెప్పను? ఆమె పనే ఎండలో. చెప్పడానికి సిగ్గేసి మానేశాను, దాన్ని ఉదారబుద్ధి అనుకున్నాను.

ఆ గొట్టం అయిపోయాక ఆమె డబ్బా అట్ట చూపించి మందుల దుకాణంలో అదే మళ్ళీ కొన్నది. ఎవరూ చీటీ అడగలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేనిదే అమ్మకూడని పట్టీలో చేర్చింది. పట్టీ ఒకటి, కౌంటరు ఒకటి. తొందరగా పోతుందని పగలూ రాసింది. మార్చి నుంచి జూన్ దాకా. మొదట తెల్లబడింది. తర్వాత చర్మం పలుచనై ఎర్రబడింది, మొటిమలు లేచాయి, ఎండ తగిలితే మిరపకాయ రాసినట్లు మంట. మందు మానగానే మంగు మునుపటికంటే నల్లగా తిరిగి వచ్చింది. స్టెరాయిడ్ అలవాటైన చర్మం మానేటప్పుడు తిరగబడుతుందనీ, ట్రెటినాయిన్ రాసిన చర్మం ఎండకు త్వరగా కందుతుందనీ నాకు చీటీ ద్వారా తెలుసు. ఆమెకు నా ద్వారా తెలియవలసింది.

ఇప్పుడు తాత్విక ప్రశ్నకు వద్దాం. నేను చేసిన తప్పు ఏమిటి? మందు ఇవ్వడమా? మందు కావాలని నేను కోరుకోవడమా?

మచ్చ పోవాలనుకోవడం, తెల్లబడాలనుకోవడం ఒకటి కావు. మొదటిది తన మొహం తనదిగా ఉండాలన్న కోరిక. రెండవది తన మొహం మరొకరిదిగా ఉండాలన్న కోరిక. ఈ తేడాను వ్యాపారం చెరిపేసింది. 1975లో హిందుస్థాన్ లీవర్ కంపెనీ ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమును మార్కెట్టులోకి తెచ్చింది. నల్లపిల్లకు ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు, తెల్లబడితే రెండూ వస్తాయని చెప్పే ప్రకటనలను మనమందరం ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. ఆ ప్రకటనల మీద ఐద్వా పోరాడి 2003లో కొన్నిటిని ప్రసారం నుంచి తొలగింపజేసింది. 2020లో అమెరికాలో నల్లజాతివారి ఉద్యమం ప్రపంచమంతా వ్యాపించిన తర్వాత కంపెనీ పేరులోని 'ఫెయిర్'ను 'గ్లో'గా మార్చింది. మార్కెట్టులో ఇప్పుడు తెల్లదనం అన్న మాట అంతగా వినిపించదు. కాంతి, సమానమైన మేనిరంగు అన్న మాటలు వినిపిస్తాయి. అంటే రోగి పదజాలాన్ని వ్యాపారి అరువు తీసుకున్నాడు. ఇప్పుడు ఒక స్త్రీ దుకాణంలో నిలబడి "మచ్చకు మందు" అంటే ఆమె చేతికి రంగు మందు వస్తుంది.

అట్లాగని "నలుపు నారాయణుడు మెచ్చు" అని సామెత చెప్పి పంపెయ్యడం కూడా జవాబు కాదు. నారాయణుడు మెచ్చినా పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు "పిల్ల రంగు తక్కువ" అనే అంటారు. రంగు తక్కువట! రంగు ఎక్కువైతేనే కదా నలుపు? తెలుగులో ఈ ఒక్క పలుకుబడి చాలు మన కొలబద్ద ఎవరిదో చెప్పడానికి.

ఇంకొక మాట కూడా తెలుగులోనే ఉన్నది: ఛాయ. మేనిరంగుకూ ఛాయ అనే అంటాం, నీడకూ ఛాయ అనే అంటాం. మార్కండేయ పురాణంలో విశ్వకర్మ కూతురు సంజ్ఞ, సూర్యుని భార్య, మొగుడి వేడిని భరించలేక తన నీడను ఒక స్త్రీగా చేసి, ఛాయ అనే ఆ స్త్రీని తన స్థానంలో నిలబెట్టి వెళ్ళిపోతుంది. ఆ ఛాయ కొడుకే శని. తర్వాత సంజ్ఞ కోసం విశ్వకర్మ సూర్యుణ్ణి సానబెట్టి వేడి తగ్గిస్తాడు. ఈ కథను నేను ఎన్నోసార్లు పాఠంగా చెప్పాను. చెప్పినన్నాళ్ళూ ఒక్కటి నా కంటపడలేదు: ఛాయ ఆ ఎండలో అన్నేళ్ళూ కాపురం చేసింది, ఆమె కోసం ఎవరూ సూర్యుణ్ణి సానబెట్టలేదు. నేను వెళ్ళని ఎండలోకి వెళ్ళేవాళ్ళు ఉన్నారు కనుకనే నాకు నీడ ఉన్నది. నేనుండే ఇంటి కప్పు కూడా అలా కట్టిందే.

ఈ మందుల చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. హైడ్రోక్వినోన్ జాతి రసాయనాలు చర్మం రంగును తీసివేస్తాయని వైద్యలోకానికి తెలిసింది ప్రయోగశాలలో కాదు. 1939లో అమెరికాలో ఒక తోళ్ళ కర్మాగారంలో రబ్బరు తొడుగులు వేసుకుని పనిచేసే కార్మికుల చేతులు తెల్లబడ్డాయి, వారిలో నల్లజాతివారున్నారు. పరిశీలిస్తే, రబ్బరు పాడవకుండా కలిపిన రసాయనం దానికి కారణమని తేలింది. కార్మికుడి జబ్బు కాలక్రమాన ఇతరుల సౌందర్యమైంది. మూడు మందుల కలయికను 1975లో ప్రకటించిన క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు, అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల చర్మం మీద ప్రయోగాలు చేసినవాడు. ఆ సంవత్సరమే దక్షిణాఫ్రికాలో మరొక సంగతి బయటపడింది: హైడ్రోక్వినోన్ క్రీములు ఏళ్ళ తరబడి రాసుకున్న నల్లజాతి స్త్రీల మొహాలు నీలినలుపుగా, గరుకుగా మారిపోతున్నాయి. తెల్లబడడానికి రాసిన మందే మాననంత నలుపు చేసింది. అక్కడ వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమకారులూ వైద్యులూ కలిసి పోరాడగా, 1990లో ప్రభుత్వం ఆ క్రీములను నిషేధించింది. పాదరసం కలిపిన క్రీముల కథ మరింత ఘోరం. అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

మందును తిట్టిపొయ్యడం నా ఉద్దేశం కాదు. డాక్టరు చేతిలో, కొద్ది వారాలు, నీడలో ఉండే మనిషికి అది మంచి మందే. కాని నీడలో ఉండే మనిషికి అన్న మూడు మాటలు తీసేస్తే అది విషం. నా తప్పు అక్కడ ఉన్నది. చికిత్సలో సగాన్ని ఇచ్చి, మిగతా సగం ఆమెకు లేదన్న సంగతి మరిచిపోయాను. సమానత్వమంటే నా దగ్గర ఉన్న సరుకును పంచడమే అనుకున్నాను. ఆ సరుకు పనిచెయ్యడానికి కావలసిన జీవితం పంచలేదు.

సన్‌స్క్రీను కొనిద్దామా? లెక్క వేశాను. మొహానికీ మెడకూ ఒక్కసారికి రెండు వేళ్ళ పొడుగు, అంటే గ్రాముకు కొంచెం పైన కావాలి. ఎండలో ఉంటే రెండు గంటలకొకసారి. తక్కువలో తక్కువ రోజుకు మూడుసార్లు. 50 గ్రాముల గొట్టం రెండు వారాలు. నేను కొనేది 500 రూపాయలు పైన. ఆమె రోజు కూలి 700. నెలకు రోజున్నర కూలి మొహానికి పూసుకోవాలి, అదీ చెమటకు గంటలో కారిపోతుంది. పైగా మంగును ముదిర్చేది అతినీల కిరణాలు మాత్రమే కాదు, మామూలు వెలుతురు కూడా. దానికి ఐరన్ ఆక్సైడు కలిసిన రంగు సన్‌స్క్రీను కావాలి, అది ఇంకా ప్రియం. అంతకంటే మందపాటి నూలుగుడ్డ నయం. ఆ సంగతి ఆమెకు నాకంటే ముందే తెలుసు; చొక్కా, తువ్వాల అందుకే.

మిగిలింది పనిచోట నీడ. 2025లో రద్దయ్యేదాకా 1996 నాటి భవననిర్మాణ కార్మికుల చట్టం మంచినీళ్ళు ఉండాలనేది, మరుగుదొడ్లు ఉండాలనేది, 50 మందికి మించి ఆడవాళ్ళున్నచోట పసిపిల్లలకు గది ఉండాలనేది. నిర్మాణవ్యయంలో నూటికి రూపాయి కార్మిక సంక్షేమానికి సెస్సు వసూలవుతుంది. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షలు ఇస్తానన్నది. మంచిదే. చావుకు ముందు నీడ ఇవ్వడానికి ఎంతవుతుందో కూడా ఎవరైనా లెక్క వెయ్యాలి. పదకొండు నుంచి నాలుగు దాకా పని ఆపి, పొద్దున్నా సాయంత్రమూ చేయించుకుంటే నా చీటీలోని మొదటి వాక్యం ఆమె చీటీలో కూడా రాయవచ్చు. చర్మవైద్యుడు రాయవలసిన ఆ వాక్యాన్ని యూనియను రాయాలి.

ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళాను. స్టెరాయిడ్‌ను మెల్లగా మాన్పించారు, మంట తగ్గింది. మంగు ఉన్నది. ఎండ గురించి ఆనాడే చెప్పకపోవడం నా తప్పని ఒప్పుకున్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "చెప్తే మాత్రం నేనేడికి పోతుంటి మేడం" అన్నది. తర్వాత అన్నది: "మేం బువ్వ తినే కాడ గా పచ్చ జాలీ జర పెద్దగ కట్టమని మేస్త్రీకి చెప్పున్రి. మీరు చెప్తె ఇంటడు."

చెప్పాను. మేస్త్రీ ఇంజినీరుకు చెబుతానన్నాడు. ఇంజినీరు కనిపించినప్పుడు ఆయన ఏసీ కారులోంచి అద్దం సగం దించి, చూద్దాం మేడం అన్నాడు. జాలీ ఇంకా కట్టలేదు.