‘‘మీ ఇష్టం సార్!’’

ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినవారు చదువు గురించి, అనుభవం గురించి అడిగితే తడుముకోకుండా జవాబు చెబుతారు. చివరన అడిగే రెండు ప్రశ్నల దగ్గరే గొంతు ఎండిపోతుంది. ‘‘ఇంతకుముందు జీతమెంత? ఇక్కడ ఎంత ఆశిస్తున్నారు?’’ ఎక్కువ చెబితే ఉద్యోగం రాదేమో, తక్కువ చెబితే ఇల్లు గడవదేమో! ఈ రెండు భయాల మధ్య నలిగి, చాలామంది ‘‘మీ ఇష్టం సార్!’’ అనేస్తారు.

కొన్నేళ్ల క్రితం ఒక పాఠశాలలో ఉపాధ్యాయుల ఎంపికకు కూర్చున్న ముగ్గురిలో నేనొకణ్ణి. లెక్కలు చెప్పడానికి ఇద్దరు కావాలి. ఒక్కొక్కరికి నెలకు 12,000 రూపాయలు ఇవ్వవచ్చునని ముందే అనుకున్నాం. మొదట వచ్చిన యువకుడు 12,000 అడిగాడు, ఒప్పుకున్నాం. తరువాత వచ్చిన అమ్మాయి అతనికంటే బాగా పాఠం చెప్పింది. పాత జీతం 7,500 అని ఉన్నదున్నట్లు చెప్పింది. ఎంత కావాలమ్మా అంటే ‘‘మీ ఇష్టం సార్’’ అంది. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకుని 9,000 అన్నాం. ఆమె నమస్కారం పెట్టి వెళ్లింది. నెలకు మూడు వేలు మిగిలాయని సంతోషించాం. ఆ సంతోషంలో నాకూ భాగముంది.

మేము అబద్ధమాడలేదు. బలవంతపెట్టలేదు. ఆమె ఇష్టపడే సంతకం చేసింది. మరి తప్పెక్కడ?

ద్రాక్షతోట కూలీల ఉపమానం మనందరికీ తెలిసిందే. తెల్లవారినప్పుడు వచ్చినవారితో యజమాని రోజుకు ఒక దీనారమని కుదుర్చుకున్నాడు. ఆ తరువాత వచ్చినవారికి అంకె చెప్పలేదు, న్యాయమైనది ఇస్తానని మాత్రమే అన్నాడు. వారు ఆ మాట నమ్మి తోటలోకి వెళ్లారు. సాయంత్రం వారికి నిండు దీనారం దక్కింది. బేరమాడనివారికి అక్కడ నష్టం రాలేదు. కారణమేమంటే, వారి కూలి నిర్ణయించే భారం యజమాని తన మనస్సాక్షి మీద వేసుకున్నాడు. మా ముందు ‘‘మీ ఇష్టం’’ అన్న అమ్మాయి కూడా అలాగే మా న్యాయబుద్ధిని నమ్మింది. మేము ఆ నమ్మకాన్ని మూడు వేలకు అమ్ముకున్నాం.

ఇరుపక్షాలూ ఒప్పుకున్నంత మాత్రాన జీతం న్యాయమైనది కాజాలదని 13వ లియో పోపుగారు 1891లోనే ‘రేరుం నోవారుం’ విశ్వలేఖలో స్పష్టం చేశారు. ఇల్లు గడవని భయంతో చేసిన సంతకం వెనుక కంటికి కనబడని బలవంతం ఉంటుందని ఆయన భావం. ఒకే పనికి స్త్రీకి తక్కువ, పురుషునికి ఎక్కువ ఇవ్వరాదని మన దేశం 1976లో చట్టం చేసింది. ఆ సూత్రమే తరువాత 2019 నాటి వేతనాల కోడ్‌లో చేరింది. చట్టం మాకు తెలియక కాదు. ఆమె అడగలేదు గదా అన్నదే మా సాకు.

ఇక అడిగే తీరు తెలియక కొందరు పాత జీతాన్ని పెంచి చెబుతారు. ‘‘వాళ్లడిగేదే అన్యాయమైన ప్రశ్న, మనం నిజమెందుకు చెప్పాలి?’’ అంటారు. ప్రశ్న అన్యాయమైనంత మాత్రాన అబద్ధం న్యాయమైపోదు. అయితే అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పితీరాలనే నియమమూ లేదు. అభ్యర్థిని పాత జీతం అడగరాదని యూరోపియన్ యూనియన్ 2023లో ఒక ఆదేశమే తెచ్చింది. మన దగ్గర అడుగుతూనే ఉన్నారు. చెబితే నిజం చెప్పండి. చెప్పడం ఇష్టం లేకపోతే ‘‘ఈ పనికి తగిన జీతం గురించి మాట్లాడుకుందామండీ’’ అని మర్యాదగా అనండి. అది అబద్ధమూ కాదు, పొగరూ కాదు.

వెళ్లేముందు అదే పని చేస్తున్న నలుగురిని అడిగి తెలుసుకోండి. ఇంటి అద్దె, బస్సు చార్జీలు లెక్క వేసుకోండి. వారు చెప్పిన మొత్తంలో పి.ఎఫ్. కోత పోను చేతికెంత వస్తుందో అక్కడే అడగండి. తన కష్టానికి విలువ చెప్పుకోవడం అత్యాశ అనుకోకండి. వినయం పేరుతో ఇంట్లో పిల్లల పాలు తగ్గించుకోనవసరం లేదు.

మరుసటి యేడు ఆ అమ్మాయికి సంగతి తెలిసింది. గొడవ చేయలేదు. ‘‘అడిగి ఉంటే ఇచ్చేవారా, సార్?’’ అని మాత్రం నన్ను అడిగింది. ఇచ్చేవాళ్లమే. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ యేటినుంచి జీతం సరిచేశాం గాని, గడిచిన పన్నెండు నెలల 36,000 రూపాయల మాట మాలో ఎవరమూ ఎత్తలేదు.

ఇంటర్వ్యూ బల్లకు ఈవల కూర్చునే పెద్దలారా, రేపు మీ ముందు ఎవరైనా ‘‘మీ ఇష్టం’’ అంటే, మీరు ముందే అనుకున్న అంకెను వారికి చెప్పండి. ఆ మాట మీ నోటినుంచే రావాలి.