ఖాతా మూసిన చేయి

మరమగ్గంలో పేకపోగు తెగితే మగ్గం ఆగుతుంది. తెగిన చోటు చూసుకుని, సరిచేసి, మళ్లీ నడుపుతాం. ఫేస్‌బుక్, ట్విట్టర్ ఖాతాలను ఆపేయడం కూడా ఇలాంటిదేనా?

2012 ఆగస్టులో వదంతులకు భయపడి ఈశాన్య రాష్ట్రాలవాళ్లు వేలాదిగా బెంగుళూరు విడిచిపోయారు. అప్పుడు ప్రభుత్వం మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లను 15 రోజులపాటు ఆపింది. గడువు చెప్పింది, అందరికీ ఒకే నియమం పెట్టింది. 1984 అల్లర్లు చూసిన భివండిలో ఉంటున్నవాణ్ని. దాన్ని నేను రక్షణ అనే అంటాను.

అదే ఏడాది నవంబరులో, అప్పటికి మన ఠాణే జిల్లాలోనే ఉన్న పాల్ఘర్‌లో, బాల్ ఠాక్రే మరణానంతర బంద్‌ను ఫేస్‌బుక్‌లో ప్రశ్నించిన అమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన స్నేహితురాలినీ అరెస్టు చేశారు. అందులో వాడిన 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఖాతాలు ఆపించే 69ఎ మాత్రం నిలిచింది. దాని కింద వచ్చిన 2009 నిబంధనల్లో 16వది, ఫిర్యాదులనూ చర్యలనూ గోప్యంగా ఉంచమంటుంది.

కారణం బయటపెడితే దుర్మార్గులు జాగ్రత్తపడతారంటారు. సరే, ఖాతాదారుకైనా చెప్పాలి కదా! ఏ మాట తప్పు, ఎన్నాళ్లు ఆపుతారు, ఎవరికి మొరపెట్టుకోవాలి? సర్కారు ఆపించినా, కంపెనీ తానే ఆపినా, ఈ మూడూ చెబితే అది కాపలా. చెప్పకపోతే నోరు నొక్కడమే. సొంత ఊరికి దూరంగా బతికే మనకు ఆ ఖాతాయే రచ్చబండ మరి.