దానమా? బాకీయా?

మహమ్మద్‌నగర్‌లో పెరిగిన అమ్మాయి ఒకతె కాకినాడ వెళ్ళి, బడిపిల్లల్ని సముద్రపు ఒడ్డుకూ మడ అడవుల్లోకీ తీసుకుపోయి, చేతులతో చేయించి నేర్పే కేంద్రం పెడతానందనుకోండి. లాభం కోసం కాదు సుమండీ, సేవ కోసం! ఇంట్లో ఏమంటారు?

"మనకెందుకు సముద్రం బిడ్డా? నిజాంసాగర్ సాలదా?" అంటుంది తల్లి. "జీతం ఎవరిస్తరు?" అంటాడు తండ్రి.

రెండూ అడగవలసిన ప్రశ్నలే.

మొదటిది చూద్దాం. 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీరను ఆపి, మన పొలాలకు నీళ్ళిచ్చింది. మిగిలిన మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి, ఎక్కడో దూరాన సముద్రం చేరుతుంది. నది ఉత్త నీళ్ళనే మోయదు కదా! ఒండ్రునూ మోస్తుంది. ఆ ఒండ్రు మీదే కోరింగ మడ అడవులు లేచాయి. తుఫాను వేళ అలల విసురును కొంతైనా తగ్గించే చెట్లవి. 1839లో ఉప్పెన వచ్చి కోరింగ రేవు పాడుబడిన చోటు అది. నదికి ఎగువన ఆనకట్ట కట్టిన ప్రతిచోటా కొంత ఒండ్రు ఆగిపోతుంది. అంటే మన కంచంలోకి వచ్చిన అన్నంలో ఆ ఒడ్డువాళ్ళ వాటా కూడా కాస్త ఉందన్నమాట. ఆనకట్ట కట్టడం తప్పని నేననను. తిన్నవాళ్ళకు బాకీ ఉంటుందంటున్నాను, అంతే.

ఇక జీతం మాట. లాభాపేక్ష లేని సంస్థ ఆడవాళ్ళకేం కొత్త? ప్రతి ఇల్లూ అలాంటిదే! పాలవాడి లెక్క రాస్తాం, చాకలి పద్దు రాస్తాం. తెల్లవారుజామున లేచిన మనిషి చాకిరీ మాత్రం ఏ పద్దులోనూ ఉండదు. 'ప్రేమతో చేస్తోంది' అని ఒక్క మాటతో సరిపెడతారు.

సేవాకేంద్రాలకూ ఈ జబ్బు తగులుకోవచ్చు. ఏ బురదలో కాలు దిగబడుతుందో, పీత బొరియ ఎటు తిరుగుతుందో, ఆటుపోట్లు ఏ వేళకు మారతాయో, పుస్తకం చదివిన అమ్మాయి కంటే పీతలు పట్టే అవ్వకు బాగా తెలుసు. పిల్లలకు అసలు పాఠం చెప్పేది ఆవిడే. మరి పంతులమ్మకు జీతమూ, అవ్వకు ఏడాదికొక శాలువానా? చెన్నైలో సుప్రజా ధారిణి 2002లో మొదలుపెట్టిన ట్రీ ఫౌండేషన్, సముద్రపు తాబేళ్ళను కాపాడే పనికి జాలరి యువకులనే తయారుచేసింది. తెలిసినవాళ్ళ చేతికే పని అప్పజెప్పడమంటే అదీ!

"అందరికీ జీతాలిస్తే కేంద్రం మూతపడుతుంది" అంటారేమో. నిజమే, డబ్బు చాలదు. అయితే వందమంది పిల్లల బదులు పదిమందితో మొదలుపెట్టవచ్చు. వారానికి ఒక్కరోజే తెరవవచ్చు. కేంద్రం చిన్నదైతే నామోషీ ఏముంది? అవ్వ కూలి ఎగ్గొట్టి పెద్దది చేయడమే నామోషీ.

దానం చేసేవాళ్ళు కృతజ్ఞత ఆశిస్తారు. బాకీ తీర్చేవాళ్ళు లెక్క సరిపోయిందా అని చూసుకుంటారు. సేవ చెయ్యాలని బయలుదేరే మన పిల్లలకు ఈ రెండో అలవాటు నేర్పితే మంచిదని నాకనిపిస్తుంది. అది నేర్పడానికి కాకినాడ దాకా వెళ్ళనక్కర్లేదు. మన ఇంటి పద్దుపుస్తకం చాలు. మీరేమంటారు?