ఎవరి మహిమ కొరకు?

ధ్యానభాగము: 1 కొరింథీ 10:31



అమెరికా దేశపు గిటారు విద్వాంసుడగు క్రిస్టఫర్ పార్కెనింగ్ 1947లో లాస్ ఏంజెలెస్‌లో జన్మించెను. పదునొకండవ యేట గిటారు చేతబట్టి, పిమ్మట స్పెయిన్ దేశస్థుడైన ఆంద్రేస్ సెగోవియా యొద్ద శిక్షణ పొందెను. యౌవనమందే కచ్చేరీలవలనను రికార్డులవలనను గొప్ప పేరు గడించెను. విద్యార్థులకు బోధించెను. అయితే ముప్పది యేండ్లకే పని చాలించి, చేపలు పట్టుకొనుచు సుఖముగా బ్రదుకవలెనని ఆయన కోరిక. అట్లే మోంటానా రాష్ట్రములో ఏటిప్రక్కను భూమి కొని, కచ్చేరీలు మానెను. కోరినదంతయు దొరకెను, హృదయము మాత్రము నిండలేదు.

తాను క్రైస్తవుడనే ఆయన తలంచుచుండెను. ఒకనాడు, నోటితో మాత్రమే ప్రభువును పిలుచువారిని గూర్చిన మత్తయి 7వ అధ్యాయముపై ప్రసంగము విని, తన్ను తాను పరీక్షించుకొని ప్రభువునకు లోబడెను. సంగీతకర్త బాఖ్ తన రచనలు అనేకముల చివర దేవునికే మహిమయని వ్రాసినట్లు, తానును ఆయన మహిమకొరకే వాయింపవలెనని మరల గిటారు పట్టెను. తరువాత పెపర్డైన్ విశ్వవిద్యాలయములో ఆ విద్యనే నేర్పెను.

గమనించుడి. ఆ ఆరు తంతులే, ఆ వ్రేళ్లే, ఆ కఠినసాధనయే. మారినది గురి యొక్కటే.

నీ చేతిలో నున్నది నాగలి కావచ్చును, సుద్దముక్క కావచ్చును. దానిని విడిచి రమ్మని ప్రభువు అందరిని అడుగుటలేదు. "ఎవరి కొరకు చేయుచున్నావు?" అని మాత్రము ప్రతివానిని అడుగుచున్నాడు. ఈ రాత్రి నిద్రకు ముందు ఆయనకు జవాబు చెప్పుదము. ఆమేన్.