దైవం చేసినదా, మనం చేసినదా?

మన వినాయక చవితి, దసరా వచ్చే రోజులే టెక్సాస్ తీరానికి హరికేన్ల కాలం కూడా. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకి సముద్రం పొంగి, అరాన్సాస్ చిత్తడి నేలల్లోని మంచినీటి గుంటలు ఉప్పుబారాయి. అక్కడ చలికాలం గడిపే హూపింగ్ క్రేన్ కొంగలు అప్పుడు కెనడాలో ఉండబట్టి బతికిపోయాయి. అది దైవకృపే అనుకుందాం.

మరి 1941లో ఆ గుంపులో పట్టుమని 20 పక్షులైనా మిగలకపోవడం ఎవరి పని? వేటాడిందీ, చిత్తడి నేలల్ని పొలాలు చేసిందీ మనుషులే. గాలివాన ఒక మడుగును పాడుచేస్తే పక్షి మరో మడుగు వెతుక్కుంటుంది. ఆ రెండోది లేకుండా చేశాం. వేట ఆపి, నేలను కాపాడాక ఆ గుంపు 500 దాటింది.

తుఫానును ఆపడం మన వశం కాదు. సాటి ప్రాణికి తలదాచుకునే చోటు మిగల్చడం మన ధర్మం. పండుగపూట ఆలోచిద్దాం.