ఎవరి కర్మము?

జర్మనీదేశపు లైప్జిగ్ నగరవైద్యుడు మైస్నర్ 1856లో బధిరులను గూర్చి వ్రాసిన గ్రంథమున ఒక చెవిటి బాలిక కథ కలదు. పాఠశాలలో ఏదో తప్పు చేసినదని అందరి యెదుట మందలించుచుండగా ఆ పిల్ల నిలుచున్నచోటనే కూలి ప్రాణము విడిచెను. కబురు విన్న తల్లిదండ్రులు ఆశ్చర్యపడలేదు. వారి బిడ్డలలో ఒకరు భయపడియు, ఒకరు పట్టరాని కోపమువలనను అంతకుముందే అట్లు హఠాత్తుగా పోయి యుండిరి.

చూచుచున్నవారికి అది దైవము విధించిన దండనముగా తోచియున్నచో వారిని తప్పుపట్టలేము. తప్పు, మందలింపు, మరణము ఒకదాని వెంట నొకటి వచ్చినప్పుడు, ఆ మూటిని ఒకే దారమున గ్రుచ్చకుండుట మనుష్యబుద్ధికి కష్టము.

నూరేండ్ల పిమ్మట, 1957లో, నార్వేదేశపు వైద్యులు జెర్వెల్, లాంగ్-నీల్సన్ ఒకే యింటి ఆరుగురు బిడ్డలలో నలుగురు పుట్టుచెవిటివారై మాటిమాటికి మూర్ఛిల్లుచుండుటయు, వారిలో ముగ్గురు బాల్యముననే హఠాత్తుగా మరణించుటయు వర్ణించి, ఇ.సి.జి. కాగితముపై క్యూటీ అను, గుండె స్పందించి మరల సిద్ధమగుటకు పట్టు వ్యవధి మితిమీరి సాగియుండుటను చూపిరి. గుండెకణపు పొరలో పొటాసియము వెలికిపోవుటకు సన్నని ద్వారములు కలవు. ప్రతి స్పందనానంతరము అవి తెరచుకొన్నగాని కణము మరుస్పందనమునకు సిద్ధము కాదు. అట్టి ద్వారమే లోచెవిలోను ఉండి, అచ్చటి ద్రవమును పొటాసియముతో నింపి వినికిడికి ఆధార మగుచున్నది. దానిని నిర్మించు జన్యువు తల్లినుండియు తండ్రినుండియు చెడియే వచ్చినచో చెవి వినదు. గుండె, పరుగో భయమో తాకిన క్షణమున, లయ తప్పవచ్చును. మైస్నర్ చెప్పిన బాలికదియు ఈ వ్యాధియే కావచ్చునని తరువాతి వైద్యులు తలచిరి. తల్లిదండ్రులు రక్తసంబంధులైనచో చెడిన ప్రతులు రెండును కలియు అవకాశము హెచ్చు గనుక, మేనరికములు వాడుకగా నున్న తెలుగునాట దీనిని పరదేశపు కథగా విని ఊరకుండరాదు.

అది గుండెలయ మాట; గుండెకండరపు విషయమున మన కథయే కలదు. హైదరాబాదు సి.సి.ఎం.బి. పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు పాలుగొని 2009లో ప్రకటించిన పరిశోధనలో, ఆ కండరపు ప్రోటీనులలో ఒకదాని జన్యువునుండి 25 అక్షరములు లోపించిన రూపము భారతీయులలో సుమారు నూటికి నలుగురియందు కలదని తేలెను. అట్టివారికి గుండె నీరసించు ప్రమాదము హెచ్చే. ఐనను పెక్కుమంది ఏండ్ల తరబడి ఏ బాధయు నెరుగక బ్రదుకుచున్నారు. నూటికి నలుగురు కూడి చేసిన పాపమా యిది?

ఇట్టి మరణము సంభవించిన యింట తల్లి, ఏ జన్మలో ఏ పాపము చేసికొంటినో యని తలబాదుకొనును. పలుకరింపవచ్చినవారు ‘నీ ప్రారబ్ధమమ్మా’ యందురు. సృష్టిలోని హెచ్చుతగ్గులను చూచి ఈశ్వరునియందు పక్షపాతమును, క్రౌర్యమును ఆరోపింపరాదనియు, ఆయన ప్రాణుల కర్మమునపేక్షించియే సృజించుచున్నాడనియు శంకరులు బ్రహ్మసూత్రభాష్యమున సమాధానము చెప్పిరి. ఈశ్వరునిపై నింద తొలగింపనెంచి చెప్పిన ఆ మాట, మన పలుకరింపులలో, ఏడ్చుచున్న తల్లి నెత్తిన నిందయై పడుచున్నది. కర్మసిద్ధాంతమును నేను కాదనను. ఎవరి కర్మమును వారు ఏకాంతమున తలచుకొనవచ్చును. ఒరుల దుఃఖమునకు దానిని కారణముగా చెప్పు నధికారము నాకు లేదని మాత్రము దృఢముగా నమ్ముచున్నాను.

ప్రారబ్ధము విడిచిన బాణమని పెద్దలు చెప్పుదురు. మైస్నర్ చెప్పిన యింట అట్టివి మూడు తగిలెను, ఆనాడు ఇ.సి.జి. లేదు, మందు లేదు. నేడు అట్టి యింట, అక్కను పోగొట్టుకొని, జనసందోహమున ఎవరికిని పట్టక ఒక మూల కూర్చున్న తమ్ముడు ఉండవచ్చును. పలుకరింపవచ్చిన మేనమామ, పెద్దకర్మ గడువకమునుపే, వాని చేయి పట్టుకొని ఇ.సి.జి. గదికి తీసికొనిపోవలెను, క్యూటీ దీర్ఘమని తేలినచో, గుండెవేగమును అదుపుచేయు మాత్ర యిచ్చి, చెరువులో ఈతకు పోవలదని చెప్పుటకు వైద్యుడు కలడు.