కోలార్ గనుల ధూళి, కర్మఫలం

కర్మ సిద్ధాంతం ప్రకారం ఎవరు చేసింది వారే అనుభవించాలి. కోలార్ బంగారు గనుల ధూళి ఈ సూత్రానికి గట్టి పరీక్ష పెడుతుంది.

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ తవ్వకం చేపట్టింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి తెలుగు, తమిళ దళిత కుటుంబాలు పనికి వచ్చాయి. రాతిని డ్రిల్లుతో తొలిచినప్పుడు లేచే సన్నటి సిలికా పొడి ఊపిరితిత్తుల్లో చేరి వాటిని గట్టిపరుస్తుంది. అదే సిలికోసిస్, పని మానేసినా అది నయం కాదు. పైన మిల్లులో రాతిని పిండి చేసి, సైనైడ్ ద్రావణంతో బంగారాన్ని కరిగించి తీసేవారు. మిగిలిన పిండి గుట్టలుగా పేరుకుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, గుట్టలు మిగిలాయి. ఈదురుగాలి వీస్తే ఆ పొడి ఇళ్లలోకి, తాగేనీళ్ల బిందెల్లోకి చేరుతుంది.

లాభం ఒకరిది, దగ్గు మరొకరిది. దీన్ని రోగి పూర్వజన్మ కర్మగా సరిపెట్టడం అన్యాయం. అలా చేస్తే తప్పు చేసినవారి బాధ్యత బాధితుడి నెత్తిన పడుతుంది. శతపథ బ్రాహ్మణం దేవ, ఋషి, పితృ రుణాలతో పాటు మనుష్య రుణాన్నీ చెప్పింది. ఆ దృష్టితో చూస్తే, గని మూసినంత మాత్రాన బాకీ తీరదు. రోగులకు వైద్యం, పరిహారం అందించడం, గుట్టలపై పచ్చదనం పెంచి ధూళిని ఆపడం గనితో లాభపడినవారందరి ధర్మం.